రికార్డుకి రెండో వైపు: వాండా జాక్సన్ పాట నడిచిన దారి

1961లో అమెరికాలోని క్యాపిటల్ కంపెనీ ఒక చిన్న రికార్డు విడుదల చేసింది. ఏడంగుళాల వెడల్పు, నిమిషానికి 45 చుట్లు, ఒక్కో వైపు ఒక్కో పాట. మొదటి వైపు ‘రైట్ ఆర్ రాంగ్’. తప్పయినా ఒప్పయినా నీ వెంటే ఉంటానని చెప్పే నెమ్మదైన పాట. రాసిందీ, పాడిందీ అమెరికా గాయని వాండా జాక్సనే. అది హిట్ పాటల పాప్ జాబితాలో 29వ స్థానం దాకా, అమెరికా పల్లె సంగీతమైన కంట్రీ జాబితాలో 9వ స్థానం దాకా వెళ్లింది. రెండో వైపు ‘ఫనెల్ ఆఫ్ లవ్’. పాములా మెలికలు తిరిగే గిటార్, దాని వెనక మత్తుగా సాగే తాళం, వాటి మీద జీర నిండిన గొంతు. రికార్డు తిప్పితే గాయని మారిపోయిందా అనిపిస్తుంది. ఆ పాటను అప్పట్లో పట్టించుకున్నవాళ్లు తక్కువ. ఏ జాబితాలోకీ ఎక్కలేదు.

యాభై ఏళ్లు గడిచేసరికి లెక్క తిరగబడింది. సినిమాల్లో వినిపించేది, కొత్త బ్యాండ్లు మళ్లీ పాడుకునేది, ఈ రాకబిల్లీ సంగీతం ఇష్టపడేవాళ్లు ముందుగా పేరు చెప్పేది ఆ రెండో వైపు పాటే. వాండా జాక్సన్ కెరీర్ మొత్తం ఈ రికార్డు లాంటిదే. మొదటి వైపు ఆమెకు తిండి పెట్టింది. రెండో వైపు ఆమె పేరు నిలబెట్టింది. రెండూ ఒకే కాలంలో జరగలేదు, అందుకే ఈ కథను కొంచెం నిదానంగా చూడాలి.

రాకబిల్లీ అనే మాట చాలామందికి కొత్త కావచ్చు. అమెరికా దక్షిణాది కొండ ప్రాంతాల తెల్లవాళ్ల పాటల్ని ‘హిల్‌బిల్లీ’ అనేవారు. ఆ మాటలో కొంత చులకన కూడా ఉండేది. ఆ పాటలకూ, నల్లజాతివాళ్ల రిథమ్ అండ్ బ్లూస్‌కూ పుట్టిన బిడ్డ రాకబిల్లీ. 1954 జులైలో మెంఫిస్ నగరంలోని సన్ స్టూడియోలో ఎల్విస్ ప్రెస్లీ, గిటార్ వాయించే స్కాటీ మూర్, బాస్ వాయించే బిల్ బ్లాక్ ముగ్గురే నిలబడి పాడిన మొదటి రికార్డుతో దానికొక రూపం వచ్చింది. ఆ ముగ్గురిలో డ్రమ్మర్ లేడు. మనిషి ఎత్తుండే బాస్ మీద తీగను లాగి వదిలితే అది కింది చెక్కకు టప్పున తగులుతుంది. ఆ చప్పుడే డ్రమ్ము. స్టూడియో యజమాని శామ్ ఫిలిప్స్ రెండు టేప్ రికార్డర్లు పెట్టి, గొంతు వెనకే రెప్పపాటు ఆలస్యంగా మరో గొంతు వినపడేలా చేశాడు. ఖాళీ గదిలో ఎవరో పక్కనే నిలబడి పాడుతున్నట్టు ఉంటుంది. పెద్ద ఖర్చు లేదు, పెద్ద వాద్యబృందం లేదు. నాలుగైదేళ్లు ఊపేసి, 1960 నాటికి దాదాపు చల్లారిపోయింది. పాడినవాళ్లలో ఎక్కువమంది ఇరవై ఏళ్ల కుర్రాళ్లు. ఆడపిల్లలు వేళ్ల మీద లెక్కపెట్టగలిగినంత మంది.

ఆ కొద్దిమందిలో వాండా ఒకరు. 1937 అక్టోబర్ 20న ఒక్లహోమా రాష్ట్రంలోని మాడ్ అనే చిన్న ఊళ్లో పుట్టారు. తండ్రి టామ్ కూడా పాటగాడే, కానీ కరువు రోజుల్లో పాట మీద సంసారం నడవలేదు. పని వెతుక్కుంటూ కుటుంబాన్ని కాలిఫోర్నియాకు తీసుకెళ్లాడు. అక్కడ కూతురికి చిన్న వయసులోనే గిటార్ కొనిచ్చి తీగలు పట్టడం నేర్పాడు. బాబ్ విల్స్, స్పేడ్ కూలీ లాంటివాళ్ల బృందాలు వాయించే డ్యాన్స్ హాళ్లకు వెంట తీసుకెళ్లేవాడు. అందరూ నాట్యం చేస్తుంటే ఆ పిల్ల వేదిక ముందే నిలబడి, మెరిసే బట్టలు వేసుకుని పాడే ఆడవాళ్లను కళ్లార్పకుండా చూసేదట. కుటుంబం మళ్లీ ఒక్లహోమా సిటీకి తిరిగొచ్చాక, హైస్కూల్లో ఉండగానే స్థానిక రేడియోలో ఆమెకు పావుగంట కార్యక్రమం దొరికింది.

అప్పటికే పెద్ద కంట్రీ గాయకుడైన హ్యాంక్ థామ్సన్ ఆ కార్యక్రమం విని, స్టేషన్‌కు ఫోన్ చేసి, శనివారం రాత్రి తన బృందంతో పాడతావా అని అడిగాడు. పాడాలనే ఉంది కానీ మా అమ్మనడగాలి అందట ఆ అమ్మాయి. ఈ మాట ఆమె తర్వాతి కాలంలో ఎన్నో ఇంటర్వ్యూల్లో నవ్వుతూ చెప్పుకున్నారు.

థామ్సన్ తన కంపెనీ క్యాపిటల్‌కు ఆమెను సిఫారసు చేశాడు. అక్కడి నిర్మాత కెన్ నెల్సన్ వద్దన్నాడు. ఆడపిల్లల రికార్డులు అమ్ముడుపోవన్నది ఆయన లెక్క. దాంతో 1954లో పోటీ కంపెనీ డెక్కాలో ఆమె మొదటి రికార్డు వచ్చింది. బిల్లీ గ్రేతో కలిసి పాడిన ఆ యుగళగీతం కంట్రీ జాబితాలో 8వ స్థానానికి చేరింది. అప్పటికింకా ఆమె చదువు పూర్తి కాలేదు.

స్కూలు అయిపోగానే ఊరూరా తిరగడం మొదలైంది. తండ్రే డ్రైవరు, తండ్రే మేనేజరు. తల్లి నెల్లీ ఇంట్లో కుట్టుమిషన్ మీద బట్టలు కుట్టేది. అప్పటి కంట్రీ గాయనులు మోకాళ్ల కింది దాకా గౌను, మెడ దాకా బొత్తాలు, కాళ్లకు బూట్లు వేసుకుని వేదికెక్కేవారు. వాండాకు అది నచ్చలేదు. భుజాల మీద సన్నని పట్టీలు, ఒంటికి అతికినట్టుండే గౌను, దాని అంచుకు పట్టుకుచ్చులు, ఎత్తు మడమల చెప్పులు. ఆ కుచ్చుల్లో ఒక కిటుకుంది. పాడేటప్పుడు మనిషి కొంచెం కదిలితే చాలు, కుచ్చులు జలజలా ఊగి పెద్ద కదలికలా కనిపిస్తుంది. ఒళ్లు ఊపిందని ఎవరూ తప్పుపట్టడానికి ఉండదు. తల్లీకూతుళ్లు కూర్చుని ఎంత ఆలోచించి ఉంటారో ఆ ఒక్క అంచులో తెలిసిపోతుంది.

కంట్రీ సంగీతానికి గుడి లాంటి గ్రాండ్ ఓల్ ఆప్రీ వేదికకు ఆమె ఆ గౌనుతోనే వెళ్లింది. పాడే నిమిషాల ముందు, ఆ కార్యక్రమం నడిపిస్తున్న ఎర్నెస్ట్ టబ్ ఆమెను చూసి, భుజాలు కనిపిస్తే ఇక్కడ కుదరదని చెప్పాడు. తల్లి కుట్టిన కొత్త గౌను మీద జాకెట్ వేసుకుని, కన్నీళ్లు దిగమింగుకుని పాడి, కిందికి దిగి తండ్రితో ఇక ఈ గడప తొక్కనని చెప్పేసింది. టీనేజ్ దాటని పిల్ల అంత మాట అనడం చిన్న విషయం కాదు. ఆ వేదిక ఉన్న నాష్‌విల్ నగరంలో దాని అండ లేకుండా కంట్రీలో నిలబడటం చాలా కష్టమని అప్పటివాళ్లందరికీ తెలుసు. మిస్సోరీ రాష్ట్రం స్ప్రింగ్‌ఫీల్డ్ నుంచి ప్రసారమయ్యే ‘ఓజార్క్ జూబిలీ’ అనే టీవీ కార్యక్రమం ఆమెకు ఆ లోటు కొంత తీర్చింది.

1955 జులైలో, మిస్సోరీలోని కేప్ జిరార్డో ఊళ్లో ఒకే వేదిక మీద పాడుతూ ఆమె మొదటిసారి ఎల్విస్‌ను కలిసింది. అప్పటికి అతను దేశమంతా తెలిసినవాడు కాదు. తర్వాత కొన్నాళ్లు ఇద్దరూ కలిసి పర్యటనలు చేశారు, దగ్గరయ్యారు, అతను ఆమెకు ఒక ఉంగరం కూడా ఇచ్చాడు. జనం ఈ ఉంగరం కథ దగ్గరే ఆగిపోతారు. దానికన్నా ముఖ్యమైన సంగతి వేరే ఉంది. కుర్రకారు కొనే కొత్త పాట ఇదే, నువ్వూ పాడగలవని అతను పదే పదే చెప్పాడు. నేను ఉత్త కంట్రీ గాయనిని అని ఆమె అంటే, మెంఫిస్‌లోని తన ఇంట్లో కూర్చోబెట్టి బ్లూస్ రికార్డులు వినిపించి, గిటార్ పట్టుకుని చూపించాడు. ఎల్విస్ చెప్పింది నిజమేనని తండ్రి టామ్ కూడా అన్నాడు. ఆ ఇద్దరి మాటా కలిశాకే ఆమె ధైర్యం చేసింది.

1956లో క్యాపిటల్ ఆమెతో ఒప్పందం రాసుకుంది. ఆడపిల్లల రికార్డులు అమ్ముడుపోవన్న కెన్ నెల్సనే ఇప్పుడు నిర్మాత. రికార్డింగులు హాలీవుడ్‌లో. గిటార్ వాయించింది జో మేఫిస్ లాంటి దిట్టలు. తర్వాత కంట్రీలో పెద్ద స్టార్ అయిన బక్ ఓవెన్స్ కూడా అప్పుడు ఆ గదిలో వాద్యగాడే.

అక్కడ విడుదలైన మొదటి పాట ‘ఐ గాటా నో’ వింటే ఆమె ఎక్కడ నిలబడిందో చెవికి తెలిసిపోతుంది. ఫిడేలు జాలిగా సాగుతుంది, ఆమె మంచి కంట్రీ పిల్లలా ప్రేమ నిజమైతే పెళ్లి ఉంగరం ఏదని నెమ్మదిగా అడుగుతుంది. అంతలోనే తాళం ఒక్కసారిగా పరుగందుకుంటుంది. గిటార్ ఉరుకుతుంది, గొంతు గుర్రుమంటుంది. మళ్లీ ఫిడేలు, మళ్లీ జాలి. మళ్లీ పరుగు. ఒకే పాటలో రెండు సంగీతాలు వంతులేసుకుని వస్తాయి. అతుకు దాచాలని ఎవరూ ప్రయత్నించలేదు, అదే దాని అందం. ఆ పాట కంట్రీ జాబితాలో 15వ స్థానానికి వెళ్లింది.

ఆ తర్వాత కంపెనీకి ఒక పద్ధతి కుదిరింది. రికార్డుకి ఒక వైపు రాక్, రెండో వైపు కంట్రీ. ‘హాట్ డాగ్! దట్ మేడ్ హిమ్ మ్యాడ్’ వెనక ‘సిల్వర్ థ్రెడ్స్ అండ్ గోల్డెన్ నీడిల్స్’. ‘ఫ్యూజియామా మామా’ వెనక ‘నో వెడ్డింగ్ బెల్స్ ఫర్ జో’. రేడియో వాళ్లు ఒకటి వేయకపోతే రెండోదైనా వేస్తారని ఆశ. రెండు పడవల మీద కాళ్లు పెట్టినవాళ్లు మునుగుతారని మన దగ్గర అంటారు. నిజానికి అప్పట్లో ఆమె పరిస్థితి అలాగే ఉంది. ఈ రోజు గొప్పవని చెప్పుకునే ఆ రాక్ పాటలన్నీ వరుసగా అమెరికా మార్కెట్లో చతికిలబడ్డాయి. కంట్రీ స్టేషన్లకు అవి మరీ మోటు, పాప్ స్టేషన్లకు మరీ పల్లెటూరు. అందరికీ ఇబ్బంది పెట్టిందేమో పాడుతున్నది అమ్మాయి కావడం. ఎల్విస్ గొంతు చించుకుంటే కుర్రతనం అన్నారు. అదే జీర ఆడగొంతులో వస్తే తల్లిదండ్రులకు టెన్షన్. మగవాడిని బతిమాలే పాట అయితే సరే, మగవాడిని ఆటపట్టించే పాట అయితే ఎలా అన్నది వాళ్ల బాధ. ఇది పాట నాణ్యత సమస్య కాదు. చెవులు సిద్ధంగా లేకపోవడం.

ఆ గొంతు గురించి కాస్త ఆగి చెప్పుకోవాలి. వాండా అరవడం లేదు. చాలామంది పొరపాటుగా అరుపు అనుకుంటారు. ఆమె సన్నని, తీయని గొంతుతో వాక్యం మొదలుపెట్టి, ఒక్క మాట దగ్గర మాత్రం గొంతు బిగించి గరగరలాడించి, వెంటనే మళ్లీ తీయగా దించుతుంది. ఆ ఎక్కడం దిగడం తాళం మీదే జరుగుతుంది, ఒక్క మాత్ర కూడా జారదు. చిన్నప్పటి నుంచి సాధన చేసిన యోడెలింగ్, అంటే గొంతును ఒక్క ఊపులో కింది స్థాయి నుంచి పైస్థాయికి విరిచి పాడే పద్ధతి, ఇక్కడ ఆమెకు బాగా కలిసొచ్చింది. కంట్రీ బడిలో నేర్చిన పట్టుతోనే ఆమె రాక్ పాడింది.

ఆమెతో పాటు బయల్దేరిన మరో అమ్మాయిని చూస్తే ఆ రోజులు ఎంత కఠినమైనవో అర్థమవుతుంది. జానిస్ మార్టిన్‌ను ఆర్‌సీఏ కంపెనీ ‘ఆడ ఎల్విస్’ అని ప్రచారం చేసింది. ఆమె రహస్యంగా పెళ్లి చేసుకుందని, గర్భవతి అని బయటపడేసరికి కంపెనీ చేతులు దులుపుకుంది. ఇరవై ఏళ్లు నిండకముందే జానిస్ మొదటి ఇన్నింగ్స్ ముగిసింది. ఆమెకు వెనక వైపు అంటూ ఏమీ లేదు. వాండాకు కంట్రీ ఉంది, తిరిగి వెళ్లడానికి ఇల్లు ఉన్నట్టు.

అమెరికాలో అమ్ముడుపోని ‘ఫ్యూజియామా మామా’ జపాన్‌లో పెద్ద హిట్టయింది. టోక్యోలోని నిచిగెకి థియేటర్‌లో 1958లో మొదలైన వెస్టర్న్ కార్నివాల్ కచేరీలతో అక్కడి కుర్రకారు రాకబిల్లీ పిచ్చిలో ఉన్న కాలం అది. 1959లో వాండా జపాన్ వెళ్తే విమానాశ్రయం నుంచే జనం. కానీ ఆ పాటలో హిరోషిమా, నాగసాకి పేర్లున్నాయి. తన ఊపును అణుబాంబుతో పోల్చుకునే పాట అది. బాంబు పడి పద్నాలుగేళ్లు కూడా నిండలేదు. పాట వేరొకరు రాసింది, అంతకుముందు ఆనిస్టీన్ అలెన్ పాడింది. అయినా ఆ పోలిక ఈ రోజు వింటే ఒళ్లు జలదరిస్తుంది. గొంతు ఎంత గొప్పగా ఉన్నా ఆ మాటల్ని దాటుకుని వెళ్లడం కష్టం, దాటుకోకపోవడమే మంచిది కూడా. జపాన్ శ్రోతలు మాత్రం ఆమెను నెత్తిన పెట్టుకున్నారు.

1960 నాటికి రాక్ పాటలు మానేసి పూర్తిగా కంట్రీకి వెళ్లిపోదామన్న ఆలోచనలో ఉండగా, అయోవా రాష్ట్రంలో ఒక రేడియో డీజే ఆమె 1958 నాటి ఆల్బమ్‌లోంచి ‘లెట్స్ హ్యావ్ ఎ పార్టీ’ తీసి తన కార్యక్రమానికి ముందు వేయడం మొదలుపెట్టాడు. అది ఎల్విస్ 1957లో సినిమా కోసం పాడిన పాటే. వినేవాళ్ల ఫోన్లు పెరిగాయి. కంపెనీ దాన్ని విడిగా రికార్డు చేసి వదిలితే పాప్ జాబితాలో 37వ స్థానానికి వెళ్లింది. రెండేళ్లు అరలో పడున్న పాట ఆమెకు అమెరికాలో వచ్చిన ఒకే ఒక్క పెద్ద రాక్ హిట్టు. ఆ సంతోషంలో తన బ్యాండ్‌కు ‘పార్టీ టైమర్స్’ అని పేరు పెట్టుకుంది. గిటార్ మీద రాయ్ క్లార్క్ ఉండేవాడు. అంతకు కొంచెం ముందు నుంచే పియానో మీద బిగ్ అల్ డౌనింగ్ అనే నల్లజాతి కళాకారుడు ఆమె వెంట తిరిగాడు. నల్లవాళ్లకు, తెల్లవాళ్లకు హోటళ్లు కూడా వేరుగా ఉన్న రోజుల్లో తెల్ల గాయని వెనక నల్ల పియానిస్టు కనబడటం మామూలు దృశ్యం కాదు. ఆ రికార్డుల్లో పియానో ఎంత ఉత్సాహంగా దూకుతుందో విన్నవాళ్లకు, ఆయన లేకుండా అవి ఊహకు అందవు.

1961లోనే పెళ్లి. భర్త వెండెల్ గుడ్‌మన్ ఐబీఎంలో ఉద్యోగం వదిలేసి ఆమె వ్యవహారాలన్నీ చూసుకోవడం మొదలుపెట్టాడు, తండ్రి చేసిన పని భర్త చేతికి వచ్చింది. ఆ తర్వాత పదేళ్లు కంట్రీ. ‘ఇన్ ద మిడిల్ ఆఫ్ ఎ హార్ట్‌ఏక్’ కంట్రీలో 6వ స్థానం. 1964లో వచ్చిన ఆల్బమ్ పేరే ‘టూ సైడ్స్ ఆఫ్ వాండా’, దానికి గ్రామీ నామినేషన్. జర్మన్ భాష రాకపోయినా ఉచ్చారణ పట్టుకుని పాడిన ‘శాంటో డొమింగో’ 1965లో జర్మనీలో హిట్టు. ఇవన్నీ నికరమైన, గౌరవమైన సంవత్సరాలు. పాటలు బాగున్నాయి. కానీ ఆ పాటల్ని అప్పటి మరో మంచి గాయని కూడా పాడగలిగేది. అంతకుముందు పాడినవి ఆమె తప్ప ఎవరూ పాడలేనివి.

1971లో భార్యాభర్తలిద్దరూ క్రైస్తవ విశ్వాసంలో గట్టిగా నిలబడ్డారు. భక్తిగీతాలు పాడాలని ఆమె క్యాపిటల్ నుంచి బయటికొచ్చింది. చర్చిలు, ప్రార్థన సభలు, తక్కువ ఆదాయం. దాదాపు పదేళ్లకు పైగా పాత రాక్ పాటల ఊసు లేదు.

అవి మళ్లీ లేచింది అమెరికాలో కాదు. యూరప్‌లో పాత 45లు వెతుక్కునే కుర్రాళ్లు సంత దుకాణాల్లో, పాత సరుకు పెట్టెల్లో దుమ్ము దులుపుతూ ఈ రికార్డుల్ని తవ్వి తీశారు. 1980ల మధ్యలో స్వీడన్ నుంచి పిలుపొచ్చింది. అక్కడే ‘రాక్ ఎన్ రోల్ అవే యువర్ బ్లూస్’ ఆల్బమ్ రికార్డు చేసింది. వేదిక ఎక్కితే, తను పాడినప్పుడు పుట్టి కూడా ఉండని పిల్లలు ప్రతి మాటా కలిసి పాడుతున్నారు. జర్మనీలోని బేర్ ఫ్యామిలీ కంపెనీ 1992లో ఆమె 1954 నుంచి 1962 దాకా చేసిన రికార్డింగులన్నీ నాలుగు సీడీల పెట్టెగా తెచ్చింది. ఇంట గెలిచి రచ్చ గెలవమని సామెత. వాండాకు వరస తిరగబడింది. జపాన్, జర్మనీ, స్వీడన్ ముందు, సొంత దేశం చివర.

ఆ చివరి మెట్టు ఎక్కించింది తర్వాతి తరం ఆడవాళ్లే. 1995లో గాయని, గిటారిస్ట్ రోజీ ఫ్లోరెస్ తన ‘రాకబిల్లీ ఫిల్లీ’ ఆల్బమ్‌లో ఆమెతో, జానిస్ మార్టిన్‌తో కలిసి పాడి, తర్వాత వాండాను అమెరికా క్లబ్బుల పర్యటనకు తీసుకెళ్లింది. చర్చి వేదికలు అలవాటైన మనిషి బార్లలో పాడాలా అన్న జంకు కొన్నాళ్లు ఉంది. కానీ మధ్యలో తన దైవవిశ్వాసం గురించి సాక్ష్యం చెప్పుకుంటూ, భక్తిగీతం ఒకటి కలుపుకుంటూ పాడితే ఆ కుర్రాళ్లు మర్యాదగా వినేవారు. రెండూ ఒకే కచేరీలో పట్టాయి.

2005లో అమెరికా ప్రభుత్వ కళాసంస్థ ఇచ్చే నేషనల్ హెరిటేజ్ ఫెలోషిప్ వచ్చింది. రాక్ దిగ్గజాలను గౌరవించే రాక్ అండ్ రోల్ హాల్ ఆఫ్ ఫేమ్ మాత్రం తలుపు తీయలేదు. బ్రిటిష్ గాయకుడు ఎల్విస్ కాస్టెలో బహిరంగంగా లేఖ రాశాడు, ఆమె లేకుండా ఆ జాబితాకు అర్థం లేదన్నట్టు. 2009లో ‘తొలి ప్రభావం’ విభాగంలో చేర్చుకున్నారు. ఆ విభాగం పేరు చూస్తే కాస్త మనసు చివుక్కుమంటుంది. ఎల్విస్‌తో ఒకే వేదిక మీద, ఒకే ఏళ్లలో రాక్ పాడిన మనిషి రాక్‌కు ముందుమాట ఎలా అవుతుంది? ఆమె సూటిగా ఆ కథలోనే ఉంది.

2011లో, ఆమెకు 73 ఏళ్ల వయసులో, రాక్ గాయకుడు జాక్ వైట్ నాష్‌విల్‌లో ఆమెతో చేసిన ‘ద పార్టీ ఎయింట్ ఓవర్’ ఆల్బమ్ వచ్చింది. బ్రిటిష్ గాయని అమీ వైన్‌హౌస్ పాట పాడమంటే ఆమె మొదట సందేహించింది. పాటలోని ఒకటీ అరా మాటలు ఆమె నమ్మకాలకు పొసగలేదు, వాటిని సర్దారు. ఇంకా నొక్కి, ఇంకా నొక్కి అని వైట్ మళ్లీ మళ్లీ పాడించేవాడట. ఆ ఆల్బమ్ అమెరికా ఆల్బమ్‌ల జాబితా బిల్‌బోర్డ్ 200లో 58వ స్థానానికి చేరింది. అదే ఏడాది అడెల్ తన అమెరికా కచేరీలు కొన్నింటికి ముందు పాడటానికి ఆమెను పిలిచింది. ‘రోలింగ్ ఇన్ ద డీప్’ వెనక వాండా పాటల ప్రభావం ఉందని అడెల్ బాహాటంగానే చెప్పింది.

2017లో వెండెల్ గుడ్‌మన్ చనిపోయారు. 55 ఏళ్లకు పైగా ప్రతి ప్రయాణంలో పక్క సీట్లో ఉన్న మనిషి. 2019 మార్చిలో, ఆరోగ్యం దృష్ట్యా ఇక వేదికెక్కనని వాండా ప్రకటించారు. 2021 ఆగస్టులో రాక్ గాయని జోన్ జెట్ నిర్మాణంలో ‘ఎన్‌కోర్’ ఆల్బమ్ వచ్చింది. అందులో కొన్ని పాటల రచనలో వాండా చెయ్యి కూడా ఉంది. గొంతు సన్నబడింది, ఊపిరి మధ్యలో తెగుతోంది, పల్లవి చివర గమకం ఒకప్పటిలా నిలవడం లేదు. కానీ వాక్యం తీయగా మొదలుపెట్టి, ఒకే ఒక్క మాట దగ్గర గొంతు బిగించే అలవాటు మాత్రం 84 ఏళ్లు నిండబోతున్నా పోలేదు.